కోల్ట్రేన్ బాణీలో మన సంగీతం పాలెంత?

ఈ నెల సంగీత శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నాలుగు అమెరికన్ జాజ్ సాక్సాఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ గురించినవే. నాలుగూ ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగువారు రాసినవి కావడం, వారిలో ఇద్దరు స్వయంగా వాద్యకారులు కావడం సంతోషం కలిగించింది. అందుచేత ఈసారి చోటంతా ఈ ఒక్క విషయానికే ఇస్తున్నాం.

ప్రశ్న: నేను పెళ్ళి బ్యాండులో సాక్సాఫోన్ వాయిస్తాను. మా మేనమామ గారు సన్నాయి వాయించేవారు. ఈమధ్య కోల్ట్రేన్ వాయించిన ‘మై ఫేవరెట్ థింగ్స్’ విన్నాను. అచ్చం మా మామయ్య సన్నాయిలాగే వినిపించింది. కోల్ట్రేన్ మన సంగీతం నేర్చుకుని ఆ బాణీ కట్టారని మా బ్యాండులో కొందరు అంటున్నారు. ఇది నిజమేనా? ఆయన మీద ఎవరెవరి ప్రభావం ఉంది?
— ఒక పాఠకుడు, బరంపురం, గంజాం జిల్లా

సమాధానం: మీ చెవికి వినిపించిన పోలిక నిజమైనదే. అయితే దానికి మీ మిత్రులు చెబుతున్న కారణం సరైనది కాదు. కోల్ట్రేన్ ప్రధానంగా టెనర్ సాక్సాఫోన్ వాయించినవారు. ఈ రికార్డులో మాత్రం ఆయన వాయించింది సొప్రానో. అది టెనర్ కంటే ఒక స్థాయి పైన పలుకుతుంది. గొట్టం సన్నగా మొదలై చివరికి వెడల్పవుతుంది, చాలావరకు నిటారుగానే ఉంటుంది. సన్నాయిలో రెండు రెల్లు రేకులు ఒకదానికొకటి తగిలి మోగుతాయి, సాక్సాఫోన్‌లో ఒకే రీడు మోగుతుంది. ఆ తేడా ఉన్నా, కోల్ట్రేన్ గాలిని బిగబట్టి ముక్కుతో పలికినట్టుగా నాదం తీయడం వల్ల సన్నాయి పోలిక వచ్చింది. ఆయనకు ఈ వాద్యం మీద ఆసక్తి కలిగించినవారు స్టీవ్ లేసీ అనే తోటి విద్వాంసుడు. అంతకు చాలా ముందే సిడ్నీ బెషే సొప్రానోను జాజ్‌లో గొప్పగా నిలబెట్టారు. కోల్ట్రేన్ ఆయన పేరు మీద ‘బ్లూస్ టు బెషే’ అనే కృతిని 1960లో రికార్డు చేశారు కూడా.

‘మై ఫేవరెట్ థింగ్స్’ కూడా 1960 అక్టోబరులోనే రికార్డయింది. అది నిజానికి రంగస్థల నాటకంలోని ఒక చిన్న పాట. దాన్ని కోల్ట్రేన్ పదమూడు నిమిషాలకు పైగా విస్తరించారు. పియానో మీద మెకాయ్ టైనర్ రెండే స్వరగుచ్ఛాలను (కార్డులు, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) మూడు మాత్రల నడకలో మార్చి మార్చి వాయిస్తూ ఉంటారు. మన హార్మోనియం లెక్కలో మూడు శ్రుతి అనే స్వరం ఆధారంగా నిలిచి ఉంటుంది. ఆ ఆధారం కదలకుండా ఉండగా పైన సాక్సాఫోన్ మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లుకునే వాయింపు, సాగుతుంది. మీకు సన్నాయి ఆలాపన గుర్తు రావడానికి వాద్యం నాదం కంటే ఈ నిర్మాణమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

అయితే ఈ పద్ధతి ఆయనకు అప్పటికి భారతదేశం నుంచి రాలేదు. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో వాయించిన అనుభవం నుంచి వచ్చింది. 1959 మార్చిలో ఆ బృందం రికార్డు చేసిన ‘సో వాట్’ వినండి. అందులో పదహారు ఆవర్తాలు రెండు శ్రుతి మీద ఒకే స్వరవరుసలో నడుస్తాయి. తరువాత ఎనిమిది ఆవర్తాలు అదే వరుస ఒక్క మెట్టు పైకి, రెండున్నర శ్రుతికి జరుగుతుంది. మళ్ళీ ఎనిమిది ఆవర్తాలకు రెండుకు దిగుతుంది. ఆ స్వరవరుస సరిగ్గా మన ఖరహరప్రియ రాగం స్వరాలే. వారు దాన్ని డోరియన్ అంటారు, అది యూరప్ చర్చి సంగీతం నుంచి వచ్చిన పేరు. రెండు దేశాల్లో ఒకే స్వరవరుస ఉన్నంత మాత్రాన ఒకరు మరొకరి దగ్గర తీసుకున్నట్టు కాదు.

కోల్ట్రేన్ వేళ్ళు ఎక్కడున్నాయో చెప్పాలంటే ఆయన బాల్యంతో మొదలుపెట్టాలి. 1926 సెప్టెంబరు 23న నార్త్ కరోలినా రాష్ట్రంలోని హామ్లెట్‌లో పుట్టారు, అదే రాష్ట్రంలోని హై పాయింట్ అనే ఊళ్ళో పెరిగారు. తల్లివైపు తాతగారు నల్లజాతివారి చర్చిలో బోధకులు. తండ్రి దర్జీ పని చేస్తూ ఇంట్లో వయొలిన్ వాయించుకునేవారు. పన్నెండేళ్ళ వయసులోనే తాతనూ తండ్రినీ పోగొట్టుకున్న పిల్లవాడు మొదట క్లారినెట్, ఆ తరువాత ఆల్టో సాక్సాఫోన్ పట్టుకున్నాడు. అప్పట్లో ఆయనకు ఆదర్శం డ్యూక్ ఎలింగ్టన్ బృందంలోని జానీ హాడ్జెస్. హాడ్జెస్ ఒక్కో స్వరాన్ని జారుస్తూ, నిలిపి, నిండుగా పలికించేవారు. కోల్ట్రేన్ నెమ్మదిగా వాయించిన కృతులన్నిటిలో, చివరి వరకూ, ఆ నిండుతనం వినిపిస్తుంది. 1945లో ఫిలడెల్ఫియాలో చార్లీ పార్కర్ కచేరీ విన్నాక ఆయన దృష్టి వేగం వైపు, స్వరగుచ్ఛాల లోతు వైపు మళ్ళింది. టెనర్‌కు మారాక డెక్స్టర్ గోర్డన్, లెస్టర్ యంగ్, కోల్మన్ హాకిన్స్‌ల బాణీలను శ్రద్ధగా విన్నారు. డిజీ గిలెస్పీ బృందంలో వాయించారు. నల్లజాతివారి జానపద బాణీ అయిన బ్లూస్ వాయించే నృత్య బృందాల్లో జీతానికి వాయించారు. 1952లో ఎర్ల్ బోస్టిక్ బృందంలో చేరి, వాద్యం సహజ పరిధి దాటి పైస్థాయి స్వరాలు పలికించే మెలకువలను దగ్గరుండి చూశారు. ఫిలడెల్ఫియాలో డెనిస్ శాండోల్ అనే గురువు దగ్గర స్వర సిద్ధాంతం అభ్యసించారు. 1957లో కొన్ని నెలల పాటు న్యూయార్క్‌లోని ఫైవ్ స్పాట్ క్లబ్‌లో పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్ పక్కన వాయించడం ఆయనకు రెండో గురుకులం. ఒకే ఊపిరిలో రెండు మూడు స్వరాలు కలిపి పలికించడానికి దారి చూపింది కూడా మంక్‌ అనే ఆయన చెప్పుకున్నారు.

ఇంత పునాది పడిన తరువాత, 1960 దాటాక, ఆయన రవిశంకర్ సితార్ రికార్డులను పట్టుదలగా విన్నారు. 1961 నవంబరులో న్యూయార్క్ జాజ్ క్లబ్ విలేజ్ వాన్‌గార్డ్‌లో ‘ఇండియా’ అనే కృతిని రికార్డు చేశారు. అది 1963లో వచ్చిన ‘ఇంప్రెషన్స్’ ఆల్బమ్‌లో చేరింది. అందులో బేస్ అనే మంద్రస్వర తీగవాద్యం వాయించే ఇద్దరు కలిసి తంబురా పని చేస్తారు. ఎరిక్ డాల్ఫీ బేస్ క్లారినెట్ పక్కన ఉంటుంది. తరువాతి కాలంలో రవిశంకర్‌ను స్వయంగా కలిసి మన సంగీత విషయాలు అడిగి తెలుసుకున్నారు. 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నారు. ఆ రవి కోల్ట్రేన్ నేడు పేరున్న సాక్సాఫోన్ విద్వాంసుడు. ఇంకా లోతుగా నేర్చుకోవాలన్న కోరిక ఉండగానే 1967 జూలై 17న, నలభై ఏళ్ళ వయసులో, కాలేయ క్యాన్సర్‌తో కోల్ట్రేన్ కన్నుమూశారు.

కనుక మీ ప్రశ్నకు నా జవాబు ఇది. మన సంగీతం నుంచి ఆయన తీసుకున్నది నిలకడ. ఒక్క ఆధార షడ్జం మీద అరగంట నిలబడి కూడా చెప్పవలసింది మిగిలే ఉంటుందన్న ధైర్యం ఆయనకు మన విద్వాంసుల వల్ల బలపడింది. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించే పద్ధతి, ఆయన తీసుకోలేదు. ఆరోహణ అవరోహణల నియమం, వర్జ్య స్వరాలు, జీవస్వరాలు వంటి రాగ లక్షణాలు ఆయన వాయింపులో వెదకడం వృథా. ఆయన స్వరాన్ని వంచినప్పుడు అది బ్లూస్ వంపు. ఆయన ఆర్తితో అరిచినప్పుడు అది తాతగారి చర్చిలో విన్న అరుపు. ‘ఇండియా’లో కూడా అంతే. మన పాలు ఉందని గర్వపడటంలో తప్పు లేదు. కానీ ఆ మాటతో నల్లజాతి సంగీతకారుల శతాబ్దపు కష్టాన్ని పక్కకు నెట్టడం మాత్రం అన్యాయం.

ప్రశ్న: నేను కాలేజీ విద్యార్థినిని, వీణ నేర్చుకుంటున్నాను. కోల్ట్రేన్ నెమ్మదిగా వాయించినవి నచ్చాయి. ‘జయంట్ స్టెప్స్’ వంటి వేగమైనవి వింటే స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతున్నట్టు ఉంటుంది తప్ప ఏమీ బోధపడదు. అందులో దేన్ని పట్టుకుని వినాలి?
— ఒక పాఠకురాలు, రాయగడ

సమాధానం: మీకు కలిగిన ఇబ్బంది చాలామంది జాజ్ శ్రోతలకూ కలిగింది. ఐరా గిట్లర్ అనే విమర్శకుడు 1958లో ఈ వాయింపును ‘షీట్స్ ఆఫ్ సౌండ్’ అని వర్ణించారు. ఆ మాట ఇప్పటికీ వాడుకలో ఉంది.

కర్ణాటక సంగీతం నేర్చుకునేవారికి ముందుగా తెలియవలసింది ఒకటుంది. జాజ్‌లో వాద్యకారుడి కాళ్ళ కింద నేల కదులుతుంది. మనకు కచేరీ మొదటి నుంచి చివరి వరకు షడ్జం మారదు. జాజ్‌లో పియానో వాయించే స్వరగుచ్ఛం మారినప్పుడల్లా ఏ స్వరం ఊరట ఇస్తుంది, ఏ స్వరం గుచ్చుకుంటుంది అన్న లెక్క మారిపోతుంది. 1958 ప్రాంతంలో కోల్ట్రేన్ ఒక స్వరగుచ్ఛం వినిపిస్తున్న వ్యవధిలోనే దానికి సంబంధించిన మరో రెండు గుచ్ఛాలను కూడా ఇమిడ్చి వాయించే ప్రయత్నం చేశారు. అంతటినీ సమానమైన నాలుగేసి స్వరాల్లో పట్టించడం కుదరక, ఐదేసి, ఏడేసి స్వరాల కట్టలుగా వాయించవలసి వచ్చింది. మీరు ఖండ, మిశ్ర నడకలు సాధన చేసి ఉంటారు కాబట్టి, ఆ కట్టలు తాళం మీద ఎక్కడ వాలుతున్నాయో చూడండి. స్వరాలను విడివిడిగా లెక్కపెట్టకండి. ఒక్కో పరుగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మాత్రం పట్టుకోండి.

‘జయంట్ స్టెప్స్’ 1959 మేలో రికార్డయింది. పదహారు ఆవర్తాల చిన్న కృతి అది. అందులో ఏడు శ్రుతి, ఐదు శ్రుతి, రెండున్నర శ్రుతి అనే మూడు షడ్జాలు ఉన్నాయి. ఒక్కోదానికీ మధ్య దూరం సరిగ్గా షడ్జం నుంచి అంతర గాంధారానికి ఉన్నంత. అంటే ఒక స్థాయిని మూడు సమాన భాగాలు చేసి, ఆ మూడు చోట్లా గ్రహభేదం (షడ్జాన్ని మరో స్వరానికి మార్చడం) చేసినట్టు. అదీ ఊపిరి తిప్పుకునే వీలు లేనంత వేగంలో. ఆ రోజు పియానో వాయించిన టామీ ఫ్లానగన్ చాలా సమర్థుడు. తన వంతు వచ్చినప్పుడు ఆయన కొన్ని పరుగులు తీసి, తరువాత విడివిడి గుచ్ఛాల దగ్గర ఆగిపోవడం రికార్డులో స్పష్టంగా వినిపిస్తుంది. కోల్ట్రేన్ ఆ దారిని ముందే నెలల తరబడి సాధన చేసి ఉన్నారు, ఫ్లానగన్‌కు ఆ అవకాశం లేదు. ఆ రెండు వంతులనూ వెంటవెంటనే వింటే ఈ కృతి ఎంత కష్టమైనదో ఏ పుస్తకమూ చెప్పనక్కరలేదు.

‘సో వాట్’ రికార్డయిన మార్చికీ ‘జయంట్ స్టెప్స్’ రికార్డయిన మేకీ మధ్య రెండు నెలలే తేడా అన్న సంగతి నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఒకదానిలో నేల దాదాపు కదలదు, రెండోదానిలో క్షణం నిలవదు. ఒకే మనిషి రెండు కొసలనూ ఒకే వసంతంలో చూసి, చివరికి నిలకడ వైపే నడిచారు.

ఇక ఏ వరుసలో వినాలో కూడా చెబుతాను. ముందు 1957 నాటి ‘బ్లూ ట్రేన్’ వినండి. తరువాత ‘జయంట్ స్టెప్స్’ ఆల్బమ్‌లోనే ఉన్న ‘నైమా’ వినండి. అది ఆయన మొదటి భార్య పేరు. అందులో బేస్ మొదట ఒకే స్వరాన్ని షడ్జంలా పట్టుకుని ఉంటుంది, మధ్య భాగంలో దాని పంచమానికి వెళ్ళి నిలుస్తుంది. పైన గుచ్ఛాలు మారుతూనే ఉంటాయి, కింద నేల నిలిచి ఉంటుంది. వీణ తెలిసిన చెవికి జాజ్‌లోకి ఇంతకంటే మంచి ద్వారం లేదు. ఆ తరువాతే ‘జయంట్ స్టెప్స్’కు తిరిగి రండి.

ప్రశ్న: ‘ఎ లవ్ సుప్రీమ్’ను భక్తి సంగీతం అంటారు. పాట లేదు, కీర్తన లేదు, దేవుడి పేరూ వినపడదు. వట్టి వాద్య సంగీతం భక్తి సంగీతం ఎలా అవుతుంది?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

సమాధానం: ఈ నాలుగు ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇది. దీనికి జవాబు ఆ రికార్డులోనే, చాలా వివరంగా ఉంది.

ముందు నేపథ్యం. కోల్ట్రేన్ యౌవనంలో హెరాయిన్‌కూ మద్యానికీ బానిస అయ్యారు. 1957లో మైల్స్ డేవిస్ ఆయనను బృందం నుంచి కొంతకాలం తీసేయడానికి అదే కారణం. ఆ ఏడాదే ఆయన రెండిటినీ మానేశారు. దైవకృపతో తనకు కొత్త జీవితం దొరికిందని, సంగీతంతో ఇతరులకు ఆనందం కలిగించే శక్తిని ఇమ్మని ఆనాడే వేడుకున్నానని ఏడేళ్ళ తరువాత ఈ ఆల్బమ్ అట్ట మీద స్వయంగా రాసుకున్నారు. పియానో మీద మెకాయ్ టైనర్, బేస్ మీద జిమ్మీ గారిసన్, డ్రమ్స్ మీద ఎల్విన్ జోన్స్ ఉన్న తన నలుగురి బృందంతో 1964 డిసెంబరు 9న న్యూజెర్సీలో దాన్ని రికార్డు చేశారు. మొత్తం నాలుగు భాగాలు, అరగంట దాటి కొద్ది నిమిషాలు.

మొదటి భాగంలో బేస్ నాలుగు స్వరాల పలుకును పట్టుకుంటుంది. నాలుగు శ్రుతిని షడ్జంగా తీసుకుంటే అది స గ స మ. గాంధారం సాధారణ గాంధారం, మధ్యమం శుద్ధ మధ్యమం. సాక్సాఫోన్ చాలాసేపు దాని చుట్టూ తిరిగి, చివరికి ఆ నాలుగు స్వరాలనే తీసుకుంటుంది. ఒక శ్రుతిలో పలికి, వెంటనే మరో శ్రుతిలో, అక్కడి నుంచి ఇంకో శ్రుతిలో, అలా పన్నెండు శ్రుతుల్లోనూ అదే పలుకును పలికిస్తుంది. బేస్ మాత్రం తన చోటు వదలదు. ఏ మూలకు వెళ్ళినా అదే మాట చెబుతున్నట్టు ఉంటుంది. అది పూర్తయ్యాక మనుషుల గొంతులు వినిపిస్తాయి. ఆ నాలుగు స్వరాల మీదే ‘ఎ లవ్ సుప్రీమ్’ అని మళ్ళీ మళ్ళీ జపిస్తాయి. సాక్సాఫోన్ అంతవరకు పలికింది మాటే అని మనకు అప్పుడు తెలుస్తుంది. గొంతుతో మొదలుపెట్టి వాద్యానికి వెళ్ళి ఉంటే ఈ బలం వచ్చేది కాదు.

నాలుగో భాగం ‘సామ్’ (స్తుతిగీతం) ఇంకా విశేషమైనది. ఆల్బమ్ లోపలి అట్ట మీద కోల్ట్రేన్ రాసిన ప్రార్థనా కవిత అచ్చయి ఉంది. ఆ కవితను ఎదురుగా పెట్టుకుని ఈ భాగం వింటే, సాక్సాఫోన్ ఆ పాదాలను అక్షరం అక్షరంగా చదువుతోందని తెలుస్తుంది. తాళం లేదు. ఎల్విన్ జోన్స్ టింపనీలనే పెద్ద డోళ్ళ మీద ఉరుముతూ ఉంటారు. ‘థాంక్ యూ గాడ్’ అన్న మాట వచ్చిన ప్రతిసారీ స్వరం పైనుంచి దిగి షడ్జం మీద వాలుతుంది. మీ ప్రాంతంలో పౌరాణిక నాటకం చూసినవారికి ఇది కొత్త కాదు. పద్యం అందుకున్న నటుడు తాళాన్ని పక్కన పెట్టి, మాట విరుపును బట్టి రాగాన్ని సాగదీసి, పాదం చివర శ్రుతిలో కలిపినట్టే ఇక్కడ వాద్యం పద్యం చదువుతుంది. నల్లజాతి చర్చి బోధకులు ప్రసంగం పతాకస్థాయికి చేరినప్పుడు వచనాన్ని సగం పాటగా మార్చే అలవాటు నుంచి ఈ తీరు వచ్చింది. ఇక్కడ కూడా తాతగారి చర్చే ఉంది.

కాబట్టి మాటలు లేవనుకోవడం సరికాదు. మాటలు ఉన్నాయి, వాటిని పెదవులకు బదులు రీడు పలుకుతోంది. మన నాదస్వర విద్వాంసులు త్యాగరాజ కీర్తన వాయించేటప్పుడు సాహిత్యాన్ని మనసులో పెట్టుకునే వాయిస్తారు కదా. అక్కడ శ్రోతకు సాహిత్యం ముందే తెలుసు, ఇక్కడ అట్ట మీద అచ్చువేసి ఇచ్చారు.

మరొక రికార్డు కూడా మీరు వినాలి. 1963 సెప్టెంబరు 15న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో తెల్లజాతి దురహంకారులు నల్లజాతివారి చర్చిలో పెట్టిన బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు. ఆ నవంబరులో కోల్ట్రేన్ ‘అలబామా’ రికార్డు చేశారు. ఐదు నిమిషాల కృతి. మొదట సాక్సాఫోన్ ఒక్కో వాక్యం మాట్లాడి ఆగుతుంది, కింద పియానో మంద్రంగా మోగుతూ ఉంటుంది. దానిలో కోపాన్ని అణచిపెట్టిన దుఃఖం ఉంది. భక్తికీ శోకానికీ ఒకే గొంతు ఎలా సరిపోయిందో రెండూ పక్కపక్కన వింటే తెలుస్తుంది.

ప్రశ్న: నా దగ్గర ఆల్టో సాక్సాఫోన్ ఉంది. కద్రి గోపాల్‌నాథ్ గారి దారిలో కర్ణాటక సంగీతం సాధన చేయాలా, కోల్ట్రేన్ దారిలో జాజ్ సాధన చేయాలా? టెనర్ కొనుక్కోక తప్పదా?
— ఒక యువ వాద్యకారుడు, జయపురం, కోరాపుట్ జిల్లా

సమాధానం: టెనర్ ఇప్పుడే కొననక్కరలేదు. ఆల్టోకూ టెనర్‌కూ వేళ్ళ అమరిక ఒకటే, శ్రుతీ నోటి బిగింపూ మాత్రమే మారతాయి. కోల్ట్రేన్ కూడా ఆల్టోతోనే మొదలుపెట్టారు.

కద్రి గోపాల్‌నాథ్ గారిది వేరే సాధన. ఆయన తండ్రి నాదస్వర విద్వాంసులు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సాఫోన్ విని ఆకర్షితులై, ఆల్టోలో తగిన మార్పులు చేయించుకుని, గమకం పలికేలా పెదవుల ఒత్తిడినీ కీల సగం మూతనూ ఏళ్ళ తరబడి సాధించారు. 1994లో లండన్ సంగీతోత్సవం బీబీసీ ప్రామ్స్‌లో కర్ణాటక కచేరీ చేశారు, 2004లో పద్మశ్రీ అందుకున్నారు, 2019లో కన్నుమూశారు. రుద్రేశ్ మహంతప్ప అనే అమెరికన్ జాజ్ ఆల్టో విద్వాంసుడితో కలిసి 2008లో ‘కిన్స్‌మెన్’ ఆల్బమ్ చేశారు. ఇద్దరూ ఆల్టోవారే కనుక అది మీరు తప్పక వినాలి. ఒకే వాద్యం మీద గమకం ఎలా ఊగుతుందో, జాజ్ పరుగు ఎలా కోసుకుపోతుందో పక్కపక్కనే వినిపిస్తుంది.

మీకు గురువు దొరికే సంప్రదాయాన్ని ముందు పట్టుకోండి. మీ ప్రాంతంలో సన్నాయి, గాత్రం, వయొలిన్ నేర్పేవారు దొరకడం తేలిక, జాజ్ నేర్పేవారు దొరకడం కష్టం. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు సాక్సాఫోన్ మీద మూడు కాలాల్లో పట్టుబడితే ఆ వేళ్ళు జాజ్‌కూ పనికివస్తాయి. దానితోపాటు రోజూ కొంతసేపు శ్రుతి పెట్టె పెట్టుకుని ఒక్కో స్వరాన్ని ఊపిరి ఉన్నంతవరకు నిలపండి. తరువాత పై జవాబులో చెప్పిన స గ స మ పలుకును తీసుకుని, శ్రుతి పెట్టె ఆపేసి, ఒక్కో మెట్టు పైకి జరుపుతూ పన్నెండు శ్రుతుల్లో వాయించండి. మన సాధనలో షడ్జం మార్చే అలవాటు ఉండదు కాబట్టి మొదట్లో వేళ్ళు తడబడతాయి. నాలుగైదు శ్రుతులు కుదిరాక మిగతావి త్వరగానే వస్తాయి. రీడు మరీ గట్టిది ఎంచుకోకండి. రెండు లేక రెండున్నర నంబరుది సరిపోతుంది.